ముప్పావు గంట తరువాత

"దీనికి మందు లేదమ్మా. ఫిజియోథెరపీ చేయిస్తూ ఉండండి."

జన్యుపరీక్ష రిపోర్టు చేతికొచ్చిన రోజు పెద్దాసుపత్రిలో తల్లిదండ్రులు చివరగా వినే మాటలివి. మొదటి మాటకే వాళ్ల కాళ్ల కింద నేల కదిలిపోతుంది. రెండో మాట చాలామందికి చెవికెక్కదు. ఎక్కినా, చేసేదేమీ లేక ఏదో ఒకటి చెప్పి పంపించారనే అనిపిస్తుంది. నిజానికి ఆ రోజు ఆ గదిలో చెప్పిన వైద్యం అదొక్కటే. ఆ బిడ్డకు మెడ నిలుస్తుందా, కూర్చుని అన్నం తింటుందా, వెన్ను వంకరపోకుండా పెరుగుతుందా, జలుబు చేసినప్పుడల్లా ఆసుపత్రిపాలు కాకుండా ఉంటుందా అన్నది చాలావరకు ఆ రెండో మాట మీదే ఆధారపడి ఉంది.

అరుదైన వ్యాధులు ఏడువేల దాకా ఉన్నాయని అంచనా. వాటిలో ఎక్కువ భాగం జన్యువుల్లోని లోపం వల్ల వచ్చేవే. ఆమోదం పొందిన మందు ఉన్నవి నూటికి అయిదుకు మించవు. మనం పత్రికల్లో, టీవీల్లో చూసేది మాత్రం ఆ అయిదింటి గురించే. స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ అనే వెన్నుపాము నాడుల జబ్బుకు పదహారు కోట్ల రూపాయల ఇంజెక్షన్ ఉందని, ఫలానా ఊరి పసిబిడ్డ కోసం ముక్కూమొహం తెలియనివాళ్లు చందాలు పోగుచేశారని చదివాం, కదిలిపోయాం. అలా కదలడం మంచిదే. ఆ బిడ్డల బతుకు హక్కు కోసం ఎంత గట్టిగా అడిగినా తక్కువే. కానీ ఆ ఇంజెక్షన్ దక్కిన బిడ్డకు కూడా మర్నాటి నుంచి కావలసింది ఫిజియోథెరపీయే. మందు నాడిని కాపాడుతుంది. ఆ నాడి నడిపే కండరానికి పని నేర్పడం వేరే పని. ఇక మందే లేని మిగతా వ్యాధుల పిల్లల సంగతి చెప్పనక్కర్లేదు. వాళ్లకు అదే మందు. మన ఆరోగ్య వ్యవస్థ మాత్రం దాన్ని వైద్యంగా కాక, ఓపికుంటే చేయించుకునే అదనపు సేవగా చూస్తోంది. మా బాధ అదే.

పిల్లల ఎదుగుదలను తెలుగువాళ్లంత తీపిగా లెక్కపెట్టుకునేవాళ్లు అరుదేమో. నవ్వితే నువ్వుండలు, బోర్లాపడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగులేస్తే అరిసెలు. పక్కింటి పిల్ల తరఫున అరిసెలు వచ్చిన రోజు, తమ బిడ్డ ఇంకా బోర్లాపడని ఇంట్లో ఆ పళ్లెం అందుకునే తల్లి మనసు ఎలా ఉంటుందో ఆలోచించాలి. అందుకే ఇంట్లో పెద్దవాళ్లు ధైర్యం చెబుతారు. "వాళ్ల నాన్న కూడా రెండేళ్లకు గానీ నడవలేదు, మగపిల్లలు అంతే" అంటారు. అది ప్రేమతో అనే మాటే. ఒక్కోసారి నిజం కూడా అవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో సహా అయిదు దేశాల పిల్లలను గమనించి 2006లో ప్రకటించిన లెక్క ప్రకారం, ఆరోగ్యంగా ఉన్న బిడ్డ ఆసరా లేకుండా కూర్చోవడం నాలుగో నెలలోనూ జరగవచ్చు, తొమ్మిదో నెలలోనూ జరగవచ్చు. ఒంటరిగా నడవడం ఎనిమిది నెలలకూ రావచ్చు, పదిహేడున్నర నెలలకూ రావచ్చు. నూటికి నలుగురు పిల్లలు అసలు మోకాళ్ల మీద పాకకుండానే నడకలోకి వచ్చేశారు. కాబట్టి నాలుగు రోజుల ఆలస్యానికి హడలిపోనక్కర్లేదు. కానీ తొమ్మిది నెలలు దాటినా కూర్చోకపోతే, ఏడాదిన్నర దాటినా నడవకపోతే ధైర్యం చెప్పుకుంటూ కూర్చోవడం సరికాదు. చంకల కింద చేతులు వేసి ఎత్తితే బిడ్డ చేతుల్లోంచి జారిపోతున్నట్టు ఉంటే ఆ మాత్రం కూడా ఆగకూడదు. వచ్చిన పని పోతే, అంటే నిన్నటిదాకా కూర్చున్న బిడ్డ ఇవాళ కూర్చోలేకపోతే, వెంటనే వైద్యుడి దగ్గరకు పరుగెత్తాలి.

జబ్బు పేరు తేలడానికి ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. ఒళ్లు మెత్తగా, బలం లేకుండా పుట్టిన బిడ్డకు ప్రాడర్-విల్లీ కావచ్చు, పాంపే కావచ్చు, పుట్టుకతో వచ్చే కండరాల జబ్బుల్లో ఏదైనా కావచ్చు. ఒక్కొక్కటీ కొట్టివేస్తూ వెళ్లాలి, రక్తం తీస్తూ ఉండాలి, రిపోర్టు కోసం నెలలు కాచుకోవాలి. ఈలోగా బిడ్డ శరీరం ఆగదు. ఎప్పుడూ ఒకే భంగిమలో పడుకున్న బిడ్డకు కండరాలు కురచబడతాయి, కీళ్లు బిగుసుకుంటాయి. తుంటి కీలు పుట్టినప్పుడే పూర్తిగా తయారై ఉండదు. కాలి మీద బరువు పడేకొద్దీ తొడ ఎముక తల తన గూటిని తానే లోతు చేసుకుంటుంది. ఎన్నడూ నిలబడని బిడ్డకు ఆ గూడు లోతు తక్కువగానే ఉండిపోయి, ఎముక పక్కకు జారే ప్రమాదం ఉంది. రిపోర్టు వచ్చాక మొదలుపెడదాం అనుకున్న ఏడాదిలో జరిగిపోయే నష్టమిది. దీన్ని తర్వాత ఆపరేషన్‌తో సరిదిద్దాల్సి వస్తుంది. అందుకే పేరు కోసం ఎదురుచూస్తూ ఫిజియోథెరపీని ఆపకూడదని ఈ రంగంలో పనిచేసేవాళ్లు పదేపదే చెబుతారు.

అలాగని పేరుతో పని లేదనీ కాదు. డుషెన్ కండర క్షీణత ఉన్న అబ్బాయి నేల మీంచి లేవాలంటే చేతులు మోకాళ్ల మీద, తొడల మీద ఆనించుకుంటూ తన ఒంటిమీద తానే ఎక్కినట్టు లేస్తాడు. పిక్కలు బలిసి కనిపిస్తాయి. పిక్కలు చూసి బలమనుకుని, బద్ధకమనుకుని గుంజీలు తీయించే తండ్రులున్నారు, పరిగెత్తించే పీఈటీ మాస్టార్లున్నారు. ఆ కండరం అతిగా శ్రమిస్తే తిరిగి కట్టుకోదు, చిరిగిపోతుంది. మెట్లు దిగడం కూడా దానికి భారమే. ఆ అబ్బాయికి కావలసింది మడమ వెనక స్నాయువు బిగుసుకోకుండా రోజూ నెమ్మదిగా సాగదీయడం, రాత్రిపూట పాదానికి పట్టీ, అలసట రాకముందే ఆపేసే ఆట. ఎముకలు పెళుసుగా ఉండే జబ్బుతో పుట్టిన పసిగుడ్డుకు గుడ్డ మార్చేటప్పుడు అందరిలా రెండు పాదాలు పట్టుకుని పైకెత్తితే తొడ ఎముక విరగవచ్చు. పిరుదుల కింద అరచెయ్యి పెట్టి ఎత్తాలి. డౌన్ సిండ్రోమ్ ఉన్న కొందరు పిల్లలకు మెడ దగ్గర పై రెండు పూసల మధ్య పట్టు సడలి ఉంటుంది కాబట్టి పిల్లిమొగ్గలు వేయించకూడదు. ఏం చేయాలన్నది ఎంత ముఖ్యమో, ఏం చేయకూడదన్నదీ అంతే ముఖ్యం. యూట్యూబులో చూసి కాళ్లూ చేతులూ లాగడం, ఒళ్లు పట్టేవాళ్లతో గట్టిగా పట్టించడం ఈ పిల్లల విషయంలో ప్రమాదం. ఇంజెక్షన్‌తో మూలకణాలు ఎక్కించి నడిపిస్తామనే ప్రకటనలు ఇంకా పెద్ద ప్రమాదం. రక్తానికి సంబంధించిన కొన్ని జబ్బులకు తప్ప మరి దేనికీ మూలకణాల వైద్యాన్ని మామూలు చికిత్సగా ఇవ్వకూడదని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల్లోనే చెప్పింది. పొలం అమ్మి ఆ ప్రకటనల వెంట తిరిగే కుటుంబాలను ఆపడానికి, నమ్మకంగా మాట్లాడే ఒక ఫిజియోథెరపిస్టు దగ్గర్లో ఉంటే చాలు.

ఆ నమ్మకం ఎలా పుడుతుందో ఒక మండల కేంద్రంలో, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో చూశాం. బడి ఆవరణలో ఒక గది. గోడ నిండా అక్షరాల బొమ్మలు, మూలగా నడక నేర్పే రెండు ఇనుప కడ్డీలు, నేలమీద నీలం రంగు పరుపు. వారానికొకసారి ఫిజియో మేడం వచ్చే రోజు అది. నాలుగేళ్ల పాపను భుజాన వేసుకుని ఒక తల్లి వచ్చింది. పాపకు ఒంట్లో ఎక్కడా పట్టు లేదు, తల ఒక పక్కకు వాలిపోతోంది. మేడం కాళ్లూ చేతులూ ఆడించడంతో మొదలుపెడుతుందనుకున్నాం.

"అన్నం ఎలా పెడతారమ్మా?" అని అడిగింది.

"ఒళ్లో పడుకోబెట్టుకుని పెడతాను మేడం. పొలమారుతూనే ఉంటుంది."

ఆమె ఒక చిన్న ప్లాస్టిక్ స్టూలు తెప్పించింది. పాప పాదాలు రెండూ నేలకు ఆనేలా కూర్చోబెట్టింది. ఎత్తు ఎక్కువైతే పాదాల కింద రెండు పాత పుస్తకాలు పెట్టింది. తల్లిని వెనక కూర్చోమని, చేతులు చంకల కింద కాకుండా నడుము దగ్గర పెట్టుకోమంది. "పైన పట్టుకుంటే మొత్తం మీరే మోస్తారు. కింద పట్టుకుంటే పైన పని పాప చేస్తుంది" అంది. పాప తల ఊగింది, వాలింది, మళ్లీ లేచింది. ముందు చిన్న బల్ల, దానిమీద గిన్నె, గరిటె. కాసేపటికి పాప కుడిచెయ్యి గరిటె మీదకు పోయింది. పట్టు దొరకలేదు. మళ్లీ పోయింది. మూడోసారికి గిన్నె కిందపడి చప్పుడైతే పాప నవ్వింది. ఆ నవ్వుకు తల నిటారుగా నిలబడింది. "రోజూ మూడు పూటలా అన్నం పెడతారు కదా, ఇలాగే పెట్టండి. వేరే వ్యాయామం ఏదీ వద్దు ఈ వారం" అని మేడం తరువాతి బిడ్డ వైపు తిరిగింది. పొలమారడం తగ్గితే ఊపిరితిత్తుల్లోకి మెతుకులు పోవడం తగ్గుతుంది. అంటే న్యుమోనియా తగ్గుతుంది. అంత పెద్ద వైద్యం ఒక ప్లాస్టిక్ స్టూలు మీద జరిగింది.

ఈ శాస్త్రం ఇక్కడికి చేరడానికి చాలాకాలం పట్టింది. లండన్‌లో బెర్తా, కారెల్ బొబాత్ దంపతులు మొదలుపెట్టిన పద్ధతి ప్రకారం, థెరపిస్టు తన చేతులతో పిల్లల కదలికను సరిదిద్దడమే దశాబ్దాలపాటు ప్రధానంగా సాగింది. సెరిబ్రల్ పాల్సీ (మెదడు పక్షవాతం) ఉన్న పిల్లల చికిత్సలన్నిటినీ వడపోసిన ఆస్ట్రేలియా పరిశోధకురాలు అయోనా నొవాక్ బృందం 2013లోనూ ఆ తరువాతా తేల్చిందేమిటంటే, ఇతరులు చేయించే కదలిక కంటే పిల్లలు తమకు కావలసిన పనిని తామే పూనుకుని మళ్లీ మళ్లీ చేసినప్పుడే ఫలితం ఎక్కువ. దానికంటే ముందే, 2001లో, అమెరికాలో డేల్ ఉల్‌రిక్ బృందం డౌన్ సిండ్రోమ్ ఉన్న పసివాళ్ల ఇళ్లకు చిన్న ట్రెడ్‌మిల్లులు ఇచ్చింది. తల్లిదండ్రులు బిడ్డను పట్టుకుని రోజుకు ఎనిమిది నిమిషాలు, వారానికి అయిదు రోజులు అడుగులు వేయించారు. మామూలు ఫిజియోథెరపీ మాత్రమే అందిన పిల్లలకంటే వీళ్లు సగటున 101 రోజుల ముందు నడిచారు. ఎనిమిది నిమిషాలే. కానీ ఇంట్లో, దాదాపు రోజూ.

మన ఇళ్లలో ట్రెడ్‌మిల్లు లేకపోవచ్చు. మూడు చక్రాల చెక్కబండి ఉండేది. బిడ్డ తన కాళ్ల మీద తాను నిలబడి, తన బరువు తాను మోస్తూ ముందుకు నెట్టే బండి. దాన్ని అటకెక్కించి, బిడ్డను మధ్యలో వేలాడదీసే ప్లాస్టిక్ వాకర్లు కొంటున్నాం. కెనడా 2004లోనే వాటి అమ్మకాన్ని నిషేధించింది. అలాగే బిడ్డను చంకనెత్తుకోవడం. రెండు కాళ్లూ అటూ ఇటూ విడివడేలా నడుము మీద కూర్చోబెట్టుకునే ఆ అలవాటు తుంటి కీలుకు మంచిది. పాతవన్నీ మంచివని కాదు. పనికొచ్చేవాటిని ఫిజియో వేలుపెట్టి చూపిస్తే, ఏ పైసా ఖర్చు లేకుండా అవి చికిత్సలో భాగమవుతాయి.

వారానికి 168 గంటలు. ఫిజియో చేతుల్లో బిడ్డ ఉండేది మహా అయితే ముప్పావు గంట. మిగతా కాలమంతా బిడ్డ ఇంట్లోనే ఉంటుంది, అంటే అమ్మ దగ్గర. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఇంట్లో చేయించండి అన్న మాటను, భారమంతా తల్లి నెత్తిన పెట్టడానికి వాడుకోకూడదు. వంట, మిగతా పిల్లలు, కూలి పని, వీటి మధ్య పది రకాల వ్యాయామాల కాగితం చేతిలో పెట్టి, మరుసటి వారం "ఎందుకు చేయించలేదు?" అని నిలదీసే చోటుకు ఆమె రెండోసారి రాదు. కాగితం ఇవ్వడం తేలిక. ఆమె రోజులో ఇప్పటికే ఉన్న పనుల్లోకి, స్నానంలోకి, అన్నంలోకి, బట్టలు తొడగడంలోకి వ్యాయామాన్ని దింపడం కష్టం. నిజమైన నైపుణ్యం అదే. ఇంకొకటి. పాతిక కిలోల బిడ్డను రోజుకు ఇరవైసార్లు ఎత్తి దించే తల్లి నడుము గురించి ఎవరూ అడగరు. ఎత్తే పద్ధతి ఆమెకూ నేర్పాలి, పక్కనున్న నాన్నకూ నేర్పాలి. నాన్న ఫీజు కట్టి బయట బెంచీ మీద కూర్చుంటే సరిపోదు.

ఆ తల్లికి మరో బరువు కూడా ఉంటుంది. "మేనరికం చేసుకున్నారు, అందుకే" అనే మాట. దగ్గరి చుట్టరికపు పెళ్లిళ్లలో కొన్ని జన్యు జబ్బుల అవకాశం పెరుగుతుందన్నది నిజం. ఇద్దరిలోనూ ఒకే లోపం దాగి ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగో వంతు ప్రమాదం ఉంటుంది. తరువాతి కాన్పుకు ముందు జన్యు సలహా తీసుకోవడం అవసరం. హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రి, డీఎన్ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ కలిసి ఆ పని చేస్తున్నాయి. కానీ చాలా జబ్బులు ఏ చుట్టరికమూ లేని దంపతుల పిల్లల్లోనూ, అప్పటికప్పుడు జన్యువులో వచ్చిన మార్పు వల్ల పుడతాయి. రెట్ సిండ్రోమ్ దాదాపు ఎప్పుడూ అలా వచ్చేదే. నిందించే నోటికి ఈ తేడాలు తెలియవు. నింద భరించలేక బిడ్డను గడప దాటించని ఇళ్లున్నాయి. గడప దాటని బిడ్డకు వైద్యం అందదు.

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం అన్యాయం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార బృందాలు అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు, బడి పిల్లలను ఒకసారి పరీక్షించాలి. ఎదుగుదలలో ఆలస్యం కనిపిస్తే జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపాలి. సమగ్ర శిక్ష కింద భవిత కేంద్రాలున్నాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కండర క్షీణతతో సహా 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 2021 అరుదైన వ్యాధుల విధానం కింద చికిత్సకు సాయాన్ని మరుసటి ఏడాది యాభై లక్షల దాకా పెంచారు. కాగితం మీద దారి ఉంది. మధ్యలో గోతులున్నాయి. యాభై లక్షల సాయం కేంద్రం గుర్తించిన పెద్ద ఆసుపత్రుల్లో చికిత్సకు. వారం వారం, ఏళ్ల తరబడి, ఊరి దగ్గర కావలసిన థెరపీ ఆ లెక్కలో ఇమడదు. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా ఏడాదికి మొత్తం లక్ష దాకా ఇస్తుంది, అందులో థెరపీ ఖర్చుకూ కొంత భాగం ఉంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలున్న వారికే అది వర్తిస్తుంది. కండర క్షీణత ఒక్కటే ఉన్న పిల్లవాడు ఆ జాబితాలోకి రాడు. ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను 2024లో ఆరు వేలైంది. మంచి పనే. అయితే వారానికి మూడుసార్లు ఆటో కట్టించుకుని పట్నంలో ప్రైవేటు ఫిజియో దగ్గరికి వెళ్లే కుటుంబానికి అది దారి ఖర్చులకు, ఫీజులకే సరిపోదు.

ఇక్కడ అడగవలసినవి పెద్ద కోరికలు కావు. భవిత కేంద్రానికి ఫిజియో వారానికొకసారి కాక కనీసం రెండుసార్లు రావాలి. ఏడాదికోసారి మారిపోయే మనిషి కాకుండా, బిడ్డతో పాటు కొన్నేళ్లు ఉండే మనిషి రావాలి. పిల్లల ఫిజియోథెరపీ వేరే విద్య. పెద్దల మోకాళ్ల నొప్పులు చూసే అనుభవం దానికి చాలదు. ప్రత్యేక శిక్షణ ఉన్నవాళ్లను జిల్లాకొకరినైనా పెట్టి, మిగతావాళ్లకు వారి చేత నేర్పించాలి. సికింద్రాబాద్‌లోనే జాతీయ మేధో దివ్యాంగుల సాధికారత సంస్థ 1984 నుంచి ఉంది. శిక్షణకు చోటు లేదనే మాట రాకూడదు. చక్రాల కుర్చీలు, కాలిపట్టీలు శిబిరం పెట్టి ఫోటో తీసి ఒకసారి ఇచ్చి ఊరుకుంటే కుదరదు. కేంద్ర ప్రభుత్వ పథకంలోనే పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఏడాదికోసారి ఉపకరణం ఇచ్చే వీలుంది, ఎందుకంటే పిల్లలు పెరుగుతారు. నిరుటి పట్టీ ఈ ఏడు పాదాన్ని కోస్తుంది. ఆ సంగతి తెలిసిన తల్లిదండ్రులు బహుతక్కువ.

నడక ఒక్కటే కొలత అనుకోవడం వల్ల జరిగే నష్టం మరొకటుంది. కెనడాలోని క్యాన్‌చైల్డ్ పరిశోధకులు పీటర్ రోజెన్‌బామ్, యాన్ విల్లెం గోర్టర్ 2012లో ఈ పిల్లల విషయంలో చూడవలసిన ఆరింటిని చెప్పారు. చేయగలిగే పని, కుటుంబం, ఒంటి దారుఢ్యం, సరదా, స్నేహితులు, భవిష్యత్తు. నడక వాటిలో విడిగా లేదు. మన దగ్గర మాత్రం డుషెన్ ఉన్న అబ్బాయి పదీ పన్నెండేళ్లకు నడక ఆగి కుర్చీలోకి రాగానే ఇంట్లోవాళ్లు ఫిజియో దగ్గరికి తీసుకెళ్లడం మానేస్తారు. ఇంకేం లాభం అంటారు. చాలాచోట్ల ఫిజియో కూడా అడగరు. అసలు అవసరం మొదలయ్యేది అప్పుడే. కూర్చునే తీరు చెడితే వెన్ను వంగుతుంది, వెన్ను వంగితే ఊపిరితిత్తులకు చోటు తగ్గుతుంది. దగ్గలేని పిల్లవాడి ఛాతీలోంచి కఫం తీయించే పద్ధతి ఇంట్లోవాళ్లకు వచ్చి ఉండాలి. స్టెరాయిడ్లు, శ్వాసకు సాయం చేసే యంత్రాలు వచ్చాక ఈ అబ్బాయిలు ఇరవైలు దాటి, ముప్ఫైల్లోకి కూడా వెళుతున్నారు. వాళ్లు డిగ్రీలు చదువుతారు, కంప్యూటర్ మీద పనిచేస్తారు. వేళ్లలో మిగిలిన బలంతోనే అదంతా చేస్తారు. పదో తరగతి పరీక్షలో రాసేవారిని, అదనపు సమయాన్ని ఇవ్వాలని నిబంధన ఉంది. తానే రాస్తానని పట్టుబట్టే కుర్రాడికి మోచెయ్యి ఆనేంత ఎత్తులో బల్ల ఉండాలి, కుర్చీ బల్ల కిందికి దూరాలి, మెడకు వెనక ఆసరా ఉండాలి. పరీక్షకు నెల ముందు ఫిజియో ఒకసారి ఆ బడికి వెళ్లి, హెడ్మాస్టరుగారితో మాట్లాడి, ఆ బల్ల కొలతలు చూసి రావడం కూడా ఆ ఉద్యోగంలో భాగమని ఉత్తర్వుల్లో రాయాలి.